నలభై రెండు చువ్వల తొట్టె

‘‘పుట్టకముందే తొట్టెనా? ఎవరన్న చేస్తరా అట్ల?’’

అమ్మ అన్న ఆ ఒక్క మాటతో ఎల్బీనగర్‌లోని మా పుట్టింటి హాల్లో అందరం గప్‌చుప్! నాన్న చేతిలోని టేపు సర్రున వెనక్కి చుట్టుకుంది. సోఫాలో కూర్చున్న చెల్లి తలొంచుకుని చీర కొంగు సర్దుకుంది. ఆరో నెల నడుస్తోంది తనకి. సంక్రాంతికి వచ్చిన మరిదిగారు ఏం మాట్లాడాలో తెలియక టీవీ వైపు చూశారు. మా పదకొండేళ్ల వాడొక్కడే ‘‘ఏమైంది అమ్మమ్మా? తొట్టె చేస్తే తప్పా?’’ అనేశాడు.

తప్పని కాదు. భయం.

తెలుగిళ్లలో ఈ భయం తెలియనిదెవరికి? బిడ్డ భూమ్మీద పడకముందే బట్టలు కుట్టించకూడదు, బొమ్మలు కొనకూడదు, ఖాళీ ఊయల ఊపకూడదు అంటారు పెద్దవాళ్లు. మనమే కాదు, చాలా యూదు కుటుంబాల్లోనూ కాన్పు అయ్యేదాకా బిడ్డ సామాను ఇంట్లోకి తేరట. మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలికే. కానీ ఒక్క లెక్క చూడండి. 1971లో మన దేశంలో ప్రతి వెయ్యి మంది పసికందుల్లో 129 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూశారు. 2023 నాటికి ఆ సంఖ్య 25కు తగ్గింది. మా నానమ్మ కన్న ఎనిమిది మందిలో మిగిలింది ఐదుగురు. ఖాళీ తొట్టెను చూస్తూ బతకడమంటే ఏమిటో తెలిసినవాళ్లు పెట్టుకున్న నియమం అది.

మా ఇంట్లో ఆ భయానికి ఇంకో కారణమూ ఉంది. రెండేళ్ల కిందట చెల్లికి నాలుగో నెలలో గర్భం నిలవలేదు. అంతకు వారం ముందే దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి వస్తూ ఓ దుకాణంలో బుల్లి స్వెటర్ కనిపిస్తే ముచ్చటపడి కొన్నాను. పసుపురంగుది, గుండీలు బాతుపిల్లలు. అది ఇప్పటికీ మా బీరువాలో చీరల అడుగున ఉంది. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు నేను.

అందుకే ఆ రోజు అమ్మను ఎవరం ఎదిరించలేదు. కాసేపయ్యాక నాన్నే నెమ్మదిగా అన్నాడు... ‘‘చేసుడు వేరు, బిగించుడు వేరు. ముక్కలు చేసి పెడదాం. బిడ్డ ఇంటికొచ్చినంకనే బిగిద్దాం. బిగించందాకా అది తొట్టె కాదు, కట్టెలే గదా!’’

అమ్మ ఔననలేదు. కాదనీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టింది. మా ఇంట్లో దాని అర్థం అందరికీ తెలుసు.

సజ్జ మీది పాత ఊయల

అసలు కొత్తది ఎందుకనే ప్రశ్న ముందే వచ్చింది. మా ఊరి నుంచి తెచ్చిన పాత ఊయల సజ్జ మీద ఉండనే ఉంది. నాన్న, అత్తయ్యలు, నేను, చెల్లి... అందరం అందులో పడుకున్నవాళ్లమే. నాన్న దాన్ని కిందికి దింపి, దుమ్ము దులిపి, ఎంతో మురిసిపోయాడు. ఆ మురిపెం పావుగంటే.

మావాడు చువ్వల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. పిడికిలి అవలీలగా దూరింది. టేపు పెడితే దాదాపు పది సెంటీమీటర్లు! పసిపిల్లల మంచానికి చువ్వల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. అమెరికాలో 1970ల నుంచే ఈ నిబంధన ఉంది. ఐరోపా ప్రమాణాలు నాలుగున్నర నుంచి ఆరున్నర సెంటీమీటర్ల మధ్య ఉండాలంటాయి. కారణం వింటే ఒళ్లు జలదరిస్తుంది. సందు పెద్దదైతే బిడ్డ ఒళ్లు జారి బయటికి వస్తుంది, తల మాత్రం లోపల ఇరుక్కుంటుంది.

రెండోది రంగు. ఊయల మీద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు, దాని కింద ఇంకేదో... ఎన్ని పూతలో! ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో ఎంత ఉందో ఎవరు చూడొచ్చారు? పళ్లొచ్చే వయసులో పిల్లలు చేతికందిన కట్టెనల్లా కొరుకుతారు. సీసం చేరితే దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద. పోనీ గీకేద్దామంటే, సాండ్ పేపర్ పెట్టగానే ఆ సీసమే పొడై ఇల్లంతా పరుచుకుంటుంది. గర్భిణి ఉన్న ఇంట్లో అసలే వద్దు.

పాత ఊయల మళ్లీ సజ్జ ఎక్కింది. నాన్న ఆ సాయంత్రం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మరి షాపులో కొనొచ్చుగా అంటారా? దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాటు నుంచి పది నిమిషాలు నడిస్తే చాలు, దోమతెరతో సహా దొరుకుతాయి. ఇంకో మాట కూడా చెప్పేస్తా. మేం చేసింది చౌకా కాదు. కట్టె, నట్లు, వడ్రంగి రెండ్రోజుల కూలీ, వృథా చేసిన పట్టె... అన్నీ కలిపితే దుకాణం ధర దాటింది. కానీ నాన్న లెక్కల మాస్టారుగా రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషి. చెల్లికి అలా జరిగినప్పుడు ఏం చేయాలో తోచక వారం రోజులు మేడ మీద కుండీలకు నీళ్లు పోస్తూ గడిపాడు. ఈసారి ఆయన చేతులకు ఒక పని కావాలి. అది మాకందరికీ అర్థమైంది.

టేకా... పళ్ల పెట్టెలా?

మొదటి ఆదివారం కట్టె కోసం. కొత్తపేట పండ్ల మార్కెట్ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా పళ్ల పెట్టెలతో చేసిన చెప్పుల స్టాండో, పుస్తకాల అరో కనిపించేది. 2021లో మార్కెట్ బాటసింగారానికి తరలాక ఆ పెట్టెలూ పోయాయి. మావారికి మాత్రం ఆ మోజు పోలేదు. ‘‘ప్యాకింగ్ కట్టె తేలిగ్గా ఉంటుంది, వాసన బాగుంటుంది’’ అంటూ ఎక్కడి నుంచో రెండు పలకలు తెచ్చారు. వాటి మీద ఎంబీ అని ముద్ర. విదేశాల నుంచి సరుకుతో వచ్చే కట్టెకు పురుగు పట్టకుండా ఏం చేశారో చెప్పే గుర్తు అది. హెచ్‌టీ అని ఉంటే వేడి చేశారని అర్థం. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని! పలకలు వచ్చిన దారినే వెళ్లిపోయాయి.

నాగోలు వైపు ఓ టింబర్ డిపోలో చివరికి టేకే తీసుకున్నాం. ‘‘బల్లార్షా టేకు సార్, పదేళ్లయినా వంకర పోదు’’ అన్నాడు డిపో ఆయన. నాన్న నమ్మలేదు. ఒక్కో పలకనూ కంటి ముందు పెట్టి, ఒక కన్ను మూసి, తుపాకీ గురిపెట్టినట్టు చూసి ఏరుకున్నాడు. పచ్చికట్టె అయితే ఎండాకాలంలో ఆరి, చువ్వలు బెజ్జాల్లో వదులైపోతాయి. ఆరిన కట్టె బరువు తక్కువ, వేలితో తడితే ఖంగుమంటుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ వద్దనుకున్నాం. వాటిని అతికించే జిగురులో చాలావాటికి ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కొత్త బీరువా తెరవగానే కళ్లు మండించే వాసన దానిదే.

ట్రాలీ ఆటోలో కట్టె ఇంటికొచ్చింది. అమ్మ గుమ్మంలోంచి చూసి, ‘‘కట్టెలేనా?’’ అంది. ‘‘కట్టెలే’’ అన్నాడు నాన్న.

చిత్రికా... రందా?

మంచానికి నాలుగు కోళ్లు, ఎనిమిది పట్టెలు, చువ్వలు, కింద పలక. ఇంతే సరంజామా. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పట్టెల్లో బెజ్జాలు తొలవడం మావల్ల కాదని రెండ్రోజులకు వడ్రంగిని పిలిచాం. రాజస్థాన్ నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డాయన. నాన్న ‘చిత్రిక’ అంటే ఆయన ‘రందా’ అంటాడు. నాన్న ‘మూలమట్టం’ అంటే ఆయన ‘గునియా’ అంటాడు. ఇద్దరి మధ్యా మావాడు దుబాసీ! సాయంత్రానికి ముగ్గురూ ఒకే భాష మాట్లాడారు... సెంటీమీటర్లు.

మేకులు కొట్టొద్దన్నది ఆయన సలహాయే. చువ్వ చివరను పట్టెలోని బెజ్జంలో అర అంగుళం లోపలికి దించి జిగురు పెడితే, మేకు కన్నా ఎక్కువకాలం నిలుస్తుందట. విడిపోయినా మొన తేలి గుచ్చుకోదు. నాలుగు పక్కలూ ఇలా విడివిడి చట్రాలుగా తయారవుతాయి. వాటిని కోళ్లకు కలిపేది మాత్రం నట్టుబోల్టులతో. నాన్న మాట అలా నిలబడింది. ముక్కలు ముందు, తొట్టె తర్వాత.

పక్కను కిందికి జార్చే ఏర్పాటు పెట్టమని మరిదిగారు అడిగారు. వంగకుండా బిడ్డను ఎత్తుకోవచ్చని. ఫోన్లో నాలుగు చోట్ల చదివి ఆయనే వద్దన్నారు. అలాంటి మంచాల్లో బిగింపులు ఊడి పిల్లలు ఇరుక్కుని చనిపోయిన ఘటనలు జరిగాక, అమెరికా 2011 జూన్‌లో వాటిని పూర్తిగా నిషేధించింది. దాని బదులు కింది పలకకు రెండు ఎత్తులు పెట్టాం. మొదటి నెలల్లో పై మెట్టు. బిడ్డ లేచి కూర్చునేలోపే కింది మెట్టుకు దించాలి. అప్పుడు పలక నుంచి పైపట్టె దాకా కనీసం అరవై సెంటీమీటర్లు ఉండాలి. కోళ్లకు పైన బుడిపెలు చెక్కుదామని నాన్న సరదా. అదీ మానుకున్నాడు. పొడుచుకొచ్చిన మొనకు గౌను మెడో, తాయెత్తు దారమో తగులుకుంటే ప్రమాదం.

లెక్కల మాస్టారి లెక్క

ఇక్కడో ముచ్చట చెప్పి తీరాలి. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు. ఒక్కో చువ్వ రెండున్నర సెంటీమీటర్ల మందం. పక్కకు పద్నాలుగు చువ్వలు. నాన్న కాగితం మీద చకచకా వేశాడు. చువ్వలు పోగా మిగిలింది 87. దాన్ని పద్నాలుగుతో భాగించి 6.2 అన్నాడు. ‘రెండు మిల్లీమీటర్లకేం గాని’ అనుకుంటూ ఓ పట్టెకు గుర్తులు పెట్టేశాడు. వడ్రంగి బెజ్జాలు తొలిచేశాడు. తీరా చువ్వలు నిలబెట్టి చూస్తే చివరిది కోడును ఆనుకుని కూర్చుంది.

మావాడు వేలితో సందులు లెక్కపెట్టాడు. ‘‘తాతయ్యా, చువ్వలు పద్నాలుగే. కానీ సందులు పదిహేను ఉండాలి కదా!’’

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి! ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నవ్వు మొదలుపెట్టింది అమ్మే. ఆ పని మొదలయ్యాక అమ్మ మేడ మీదికి రావడం అదే మొదటిసారి.

పదిహేనుతో భాగిస్తే 5.8. ‘ఎట్లాగూ రెండు మిల్లీమీటర్లేగా, ఒక చువ్వ జరిపితే చాలు’ అన్నాం మేం. నాన్న ఒప్పుకోలేదు. ఆ పట్టె పక్కన పడేసి మర్నాడే డిపోకు వెళ్లి ఇంకోటి కోయించుకొచ్చాడు. పక్కలకు పద్నాలుగేసి, తలాపునా కాళ్ల వైపునా ఏడేసి. మొత్తం నలభై రెండు చువ్వలు.

వాటిని నున్నగా చేసే పని మా ఫ్లాటుకు పడింది. మిషన్ మోత పెడితే అపార్టుమెంట్లో ఊరుకోరు, చేత్తో రుద్దితే ఎవరికీ అభ్యంతరం లేదు. ముందు గరుకుది, తర్వాత నున్నటిది... బాల్కనీలో పేపర్లు పరుచుకుని, ముక్కుకు మాస్కులు కట్టుకుని మావారూ, కొడుకూ కూర్చునేవారు. ఆఖరి పరీక్ష నాది. పాత నైలాన్ మేజోడు చేతికి తొడుక్కుని చువ్వ మీద రాయాలి. ఎక్కడైనా పీచు లేచి ఉంటే దారం పట్టేస్తుంది. ఇరవై ఒక్క చువ్వలు పూర్తయిన రోజు మావాడు వాటిని స్కూలు బ్యాగులో పెట్టుకుని నాతో మెట్రో ఎక్కాడు. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో తనిఖీ దగ్గర బ్యాగు ఆపారు. ‘‘ఏంటివి?’’ అని అడిగిందొక అమ్మాయి. ‘‘తొట్టె పుల్లలు. మా పిన్నికి పాప పుడుతుంది’’ అన్నాడు వీడు. పాపేనని వాడికెలా తెలుసో! ఆ అమ్మాయి నవ్వి, ఒక చువ్వ తీసి చేత్తో రాసి చూసి, ‘‘మంచిగ చేసిండ్రు’’ అని పంపించింది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్ వచ్చేదాకా బ్యాగు ఒళ్లోంచి దించలేదు వాడు.

మెరుపు కోసం రంగు వద్దు, లక్క చాలనుకున్నాం. పాత వడ్రంగులు చపడా అని పిలిచే లక్క పలుకుల్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూసే పాలిష్ ఇది. మిఠాయిల మీద, మందుబిళ్లల మీద మెరుపు పూతగా వాడేదీ ఈ లక్కనే. మన ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్ర బొమ్మలకు ఎక్కించేదీ లక్కే. గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసిన రంగులు కలిపి, తిరిగే కర్రకు అద్దుతారు. ఆ కళకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కర్ణాటకలో ధార్వాడ దగ్గరి కలఘటగి తొట్టెలకు లక్క రంగులతో బొమ్మలు వేస్తారు. మాకంత నైపుణ్యం లేదు కాబట్టి ఒట్టి పూతే. స్పిరిట్ ఘాటు చెల్లికి తగలకూడదని మేడ మీదే పూసి, మూడు వారాలు అక్కడే నీడన ఆరనిచ్చాం.

ఆవాల దిండు పంచాయితీ

పరుపు దగ్గర మళ్లీ గొడవ. బూరుగు దూది పరుపు, తలకట్టు గుండ్రంగా రావాలని ఆవాల దిండు, చుట్టూ మెత్తటి గోడల్లా కుచ్చుల దిండ్లు... వియ్యపురాలు, అమ్మ కలిసి పెద్ద జాబితానే రాశారు. చెల్లిని చూసే డాక్టరమ్మ ఒక్కొక్కటీ కొట్టేశారు. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా ఒక దుప్పటి, అంతే. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండొద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆ తొట్టెలో ఇంకే వస్తువూ ఉండొద్దు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 1992లో బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పడం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య అక్కడ సగానికి సగం తగ్గింది. చుట్టూ కట్టే మెత్తటి దిండ్లను ఆ దేశం 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది.

‘‘మేమంత ఆవాల దిండు మీదనే పెరిగినం’’ అంది అమ్మ. నిజమే. డాక్టరమ్మ వాదించలేదు. ‘‘మెలకువగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని ఎన్ని ముచ్చట్లైనా తీర్చుకోండమ్మా. నిద్ర మాత్రం ఇలా’’ అన్నారు. ఆ మధ్యేమార్గం నాకు నచ్చింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుకకు పాత పద్ధతిలో ఊయలకు పూలు చుట్టి, పాటలు పాడి, బిడ్డను పేరు పెట్టి పిలుచుకోవచ్చు. రాత్రి నిద్రకు మాత్రం ఈ నలభై రెండు చువ్వల మంచం.

అన్నట్టు, తొట్టె అంటే హైదరాబాదీలకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. బోనాల్లో అమ్మవారికి సమర్పించే వెదురుపుల్లలు, రంగు కాగితాల తొట్టెలు! ఆషాఢంలో మొక్కు తీర్చుకోవాలని అమ్మ అప్పటికే మనసులో అనుకుందట. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఒక బోల్టు తక్కువ

ఏప్రిల్ మొదటి వారానికి అన్నీ సిద్ధం. నాలుగు చట్రాలు, నాలుగు కోళ్లు, పలక... ముందుగది గోడకు ఆనించి, పాత దుప్పటి కప్పాం. పదహారు బోల్టులు ఓ బూస్ట్ డబ్బాలో. ఆ గదిలోంచి వెళ్లినప్పుడల్లా అమ్మ అటు చూడకుండా నడిచేది. చెల్లి మాత్రం ఒకసారి దుప్పటి ఎత్తి, చువ్వ మీద చెయ్యి రాసి, మళ్లీ కప్పేయడం నేను చూశాను. తను నన్ను చూడలేదు.

తేదీకి తొమ్మిది రోజుల ముందే నొప్పులొచ్చాయి. తెల్లవారుజామున పాప పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. నాన్న ఆసుపత్రి వరండాలో కాసేపు అటూ ఇటూ తిరిగి, ‘‘నేను ఇంటికి పోయొస్త’’ అన్నాడు. అమ్మ ఆపింది. ‘‘బిడ్డ గడప దాటినంకనే’’ అంది.

మూడో రోజు సాయంత్రం దిష్టి తీసి లోపలికి తెచ్చారు. చెల్లి మంచం మీద వాలిందో లేదో, ఇవతల గదిలో దుప్పటి లేచింది. మావారు కోళ్లు పట్టుకున్నారు, మరిదిగారు చట్రాలు, నాన్న చేతిలో స్పానర్, మావాడి చేతిలో బూస్ట్ డబ్బా. అరగంటలో పదిహేను బోల్టులు బిగిశాయి. పదహారోది లేదు! సోఫా కింద, మేడ మీద, మా కారు సీట్ల సందుల్లో... ఎక్కడా లేదు. ఒక్కటి తక్కువైతే ఏమవుతుందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రాత్రి తొమ్మిదింటికి హార్డ్‌వేర్ దుకాణాలు మూసే వేళ, నాన్న ఓ బోల్టును నమూనాగా జేబులో వేసుకుని స్కూటర్ తీశాడు. మూడో దుకాణంలో దొరికిందట. షట్టరు సగం దించినాయన చేత మళ్లీ ఎత్తించాడు.

పదహారోది బిగించాక నాన్న నాలుగు మూలలా పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. పరుపు వేసి, దుప్పటి బిగించాక పాపను అందులో పడుకోబెట్టింది అమ్మే.

పాప వేసవి బిడ్డ కదా, స్వెటర్ ఇంకా బీరువాలోనే ఉంది. మొన్నొకసారి తీసి ఎండలో వేశాను. చలికాలం నాటికి సరిపోతుందో లేదో.

నెలకోసారి బోల్టులన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూడమన్నాడు వడ్రంగి. ఆ బాధ్యత మావాడిది. ప్రతి నెలా మొదటి ఆదివారం మెట్రోలో వెళ్లి, తాతయ్య స్పానర్ తీసుకుని పదహారూ తడిమి చూస్తాడు. పోయిన నెల రెండు వదులయ్యాయి. బిగించాడు.